గంజి పెట్టిన మొక్కలు

మా మనుమరాలు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ మళ్లీ ఇంటర్ పరీక్ష రాసింది. ఫెయిలైనందుకు కాదు. ఇంటర్‌లో లెక్కల గ్రూపు తీసుకుని మంచి మార్కులతోనే పాసైంది. కాని డాక్టర్ చదువుకు పోవాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బాటనీ, జువాలజీ కూడా ఇంటర్ స్థాయిలో పాసై ఉండాలి. లెక్కల గ్రూపు వాళ్లు ఆ రెండింటినీ అదనపు సబ్జెక్టులుగా విడిగా రాసుకోవచ్చని ఆమెకు ఎవరో చెప్పారు. ఆ మాట విన్న రోజు కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నా కుర్చీ పక్కన నిలబడింది.

"తాతా, నేను మల్ల ఇంటర్ రాస్త."

ఈ కోరిక ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. అంతకుముందు ఏడాది నా భార్య కాలికి పుండు పడింది. షుగర్ ఉన్న మనిషి. మనుమరాలు సిరిసిల్లలో మా దగ్గరే ఉండి చదువుకుంటోంది కాబట్టి, ఆస్పత్రికి తీసుకుపోవడం, ఇంట్లో కట్టు మార్చడం అన్నీ తనే చూసుకుంది. పుండు చుట్టూ చర్మం రంగు ఎట్లా మారుతోందో రోజూ డాక్టరుకు వివరంగా చెప్పేది. ఆయన ఒకరోజు విసుగో మెచ్చుకోలో తెలియకుండా, "ఇన్ని అడుగుతున్నవు, డాక్టర్ చదువుతున్నవా ఏంది?" అన్నాడు. పుండు మానింది. ఆ ప్రశ్న మాత్రం పిల్లలో ఉండిపోయింది.

వాళ్ల నాన్నను ఒప్పించాలి. మా అల్లుడిది కోరుట్ల పక్కన పసుపు సాగు. మాట గట్టిది, మనసు అంత గట్టిది కాదు. నేను, మనుమరాలు కలిసి వెళ్లాం. మా కూతురు వడ్డించిన అన్నాలు తిన్నాక విషయం ఎత్తాం.

"డిగ్రీ సగంల ఉన్నది. మల్ల ఎనుకకు పోతనంటవు. బస్సు దిగి ఎదురు బస్సు ఎక్కినట్టున్నది నీ యవ్వారం" అన్నాడు అల్లుడు.

"ఎదురు బస్సు కాదు బాపూ. నేను ఎక్కాల్సిన బస్సే గది."

"మీ తాత డిపోల చేసిండని బస్సుల ముచ్చట మంచిగనే చెప్తున్నవు."

నేను జగిత్యాల బస్సు డిపోలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏ బస్సు ఎప్పుడు బయలుదేరింది, ఎందుకు ఆలస్యమైంది అని రాసి రాసి, ఇంటికి వచ్చాక నా రోజును కూడా అట్లాగే డైరీలో రాసుకునే అలవాటైంది. అల్లుడు నా వైపు తిరిగి, "మామా, మీరేమంటరు?" అని అడిగాడు.

"డిగ్రీ ఇడువకుంటనే రాస్తనంటున్నది గద. ఒక్క ఏడు చూద్దం" అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "సరే. ఒక్క ఏడు. రెండు సబ్జెక్టులు ఒక్కపారే పాస్ గావాలె. ఒక్కటి తప్పినా గా డాక్టర్ ముచ్చట బంద్. డిగ్రీ అయినంక బీఈడీ చేసి టీచర్ నౌకరీ చూసుకోవాలె. అప్పుడు మల్ల ఏడువద్దు."

"ఏడువ" అంది పిల్ల.

ఇంటర్ కోరుట్లలో చదివింది కాబట్టి, ప్రాక్టికల్స్‌కు ఆ జిల్లాలోనే, జగిత్యాలలో ఒక జూనియర్ కాలేజీ కేటాయించారు. సెలవు రోజుల్లో అక్కడికి పోయి చేసుకోవాలి. మిగతా చదువంతా సిరిసిల్లలో మా ఇంట్లోనే. మా ఇంటికి రెండు పక్కలా సాంచలు, అంటే మరమగ్గాలు. పొద్దంతా చప్పుడు. ఆ చప్పుడులో పిల్ల హాయిగా చదివేది. కరెంటు పోయి సాంచలు ఆగితేనే ఉలిక్కిపడి తలెత్తేది.

బాటనీ మేడం మొదటి రోజే చెప్పిందట. ప్రయోగాల బొమ్మల రికార్డుతో పాటు ఎండబెట్టిన మొక్కలు అంటించిన హెర్బేరియం షీట్లు కూడా తయారుచేయాలి. పాఠంలో మూడు కుటుంబాలున్నాయి. చిక్కుడుది ఒకటి, వంకాయది ఒకటి, ఉల్లిగడ్డది ఒకటి. వాటికి చెందిన మొక్కలు పువ్వుతో సహా కావాలి. షీట్లు చూడనిదే మేడం రికార్డు మీద సంతకం పెట్టదు. సంతకం లేని రికార్డుతో ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

అది వానాకాలం. మొక్కలకు కొదవ లేదు. నేను గొడుగు పట్టుకుని వెంట నడిస్తే, పిల్ల మానేరు ఒడ్డున, చెలకల గట్ల మీద వెంపలి, ఉమ్మెత్త, కామంచి, అడవినాభి వేర్లతో సహా తవ్వి సంచిలో వేసుకునేది. ఒకసారి కలుపుకు పోతున్న ఒక పెద్దావిడ ఆగి చూసింది.

"ఏందే పిల్లా, గడ్డి పీకుతున్నవు? బర్రెకా?"

"కాదు పెద్దమ్మా, చదువుకు."

"గడ్డి పీకుడు గూడ చదువేనా? గట్లైతే నేనెప్పుడో పెద్ద డాక్టర్‌నైతుంటి!" అని నవ్వుకుంటూ పోయింది.

మొక్కలను పాత పేపర్ల మధ్య పరిచి పైన షాబాదు బండ పెట్టాం. రోజూ పొద్దున చెమ్మ పీల్చుకున్న పేపర్లు తీసి పొడివి వేయడం నా పని. ఆకుల రంగు పోకుండా బాగానే ఎండాయి. చిక్కంతా అంటించే దగ్గర వచ్చింది. దుకాణంలో తెచ్చిన గమ్ముకు ఆకులు అంటుకున్నాయి కాని కాండాలు లేచిపోతున్నాయి. పిల్ల డిగ్రీ పరీక్ష రాయడానికి పోయిన రోజు నా భార్య ఆ షీట్లను తిప్పి తిప్పి చూసింది.

"గీ గమ్ముతోని ఏమైతది? పడుగుకు పెట్టే గంజి పెడితె ఎండి కట్టెలెక్క నిలుస్తది."

ఆమె మగ్గమున్న ఇంట్లో పుట్టింది. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసే దారాలు. నేతకు ముందు వాటికి గంజి పట్టిస్తారు. చిన్నప్పుడు వాళ్ల అమ్మతో కలిసి వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టిన చేతులవి. చేతిమగ్గాలు పోయి సాంచలు వచ్చాక ఆ పనితో ఎవరికీ అవసరం లేకుండా పోయింది. ఆ రోజు ఆమె బియ్యప్పిండి కలిపి, పొయ్యి మీద గరిటె తిప్పుతుంటే ముఖంలో ఒక వెలుగు. చివర నూనె కూడా వేసింది.

"నూనె ఎందుకు?" అన్నాను.

"నూనె సుక్క పడకుంటె దారం దారం అతుక్కోదా? నీకేం ఎరుక, బస్సుల తిరిగినోనివి."

నాకు అది సబబుగానే తోచింది. సాయంత్రం పిల్ల వచ్చి చూసేసరికి షీట్లన్నీ బల్లలాగా బిగుసుకుని ఉన్నాయి. ఒక్క కాండం కదలడం లేదు. వాళ్ల అమ్మమ్మను పట్టుకుని ముద్దు పెట్టుకుంది. దుమ్ము పడకుండా నా భార్య వాటిని బట్టల సందుగలో చీరల కింద భద్రపరిచింది. ఆ తర్వాత వాటి అవసరం రాలేదు. డిగ్రీ సెమిస్టర్ పరీక్షలు, జువాలజీ పాఠాలు, జగిత్యాల ప్రయాణాలు, ఇవే సరిపోయాయి.

చలికాలం చివర ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి. వచ్చే ఆదివారం షీట్లు తెమ్మని మేడం చెప్పింది. భోజనాలయ్యాక పిల్ల సందుగ తెరిచింది. పులిసిన వాసన గుప్పుమంది. చీరలు పక్కకు తీయగానే బొద్దింకలు నాలుగు వైపులా పరుగెత్తాయి. షీట్ల మీద నూనె దిగి, కాగితం అక్కడక్కడ అద్దంలాగా అయింది. గంజి ఉన్న చోటల్లా కొరికి తిన్నాయి. ఆకులకు ఈనెలే మిగిలాయి, పువ్వులు అసలే లేవు. ఉమ్మెత్త పువ్వు ఉండాల్సిన చోట కాగితానికి రంధ్రం ఉంది.

పిల్ల షీట్లను ఒక్కొక్కటిగా తీసి నేల మీద పరిచింది. నా భార్య వంటింట్లోంచి, "ఏమైంది బిడ్డా, పురుగు పట్టిందా?" అని అరిచింది.

"పురుగు కాదు అమ్మమ్మా, బొద్దింకలు. జువాలజీల వీటి మీద నాకు పెద్ద పాఠమే ఉన్నది. జువాలజీ అచ్చి బాటనీని తినిపోయింది."

అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. నా భార్య వచ్చి చూసి నేల మీద కూలబడింది.

"నా చేతులిరుగ. గంజి నేనే పెడితి, నూనె నేనే పోస్తి. మా అవ్వ పెట్టిన గంజికి చీమ గూడ రాకపోవు."

"పడుగు ఎండల ఉంటది అమ్మమ్మా. ఎంటనే మగ్గమెక్కుతది. సందుగల ఎవరు పెడతరు?" అంది పిల్ల కళ్లు తుడుచుకుంటూ. తప్పు ఎక్కడ జరిగిందో అంత దుఃఖంలోనూ సరిగ్గా పట్టుకుంది. కాని మొక్కలు తిరిగి రావు కదా. వానాకాలపు మొక్కలు చలికాలంలో ఎక్కడ దొరుకుతాయి? షీట్లు లేకుంటే సంతకం లేదు. సంతకం లేకుంటే పరీక్ష లేదు. ఒక్కటి తప్పినా బంద్ అన్న వాళ్ల నాన్న మాట ముగ్గురికీ గుర్తుంది.

నేను పిల్లతో మేడంకు ఫోన్ చేయించాను. పిల్ల జరిగింది జరిగినట్టు చెప్పింది. అంతా విని మేడం అడిగింది.

"గంజిల ఏం కలిపిండ్రమ్మా?"

"నూనె, మేడం."

"మీరు నేతోళ్లా?"

"ఔ మేడం."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఫోన్‌కు దూరంగా ఉన్న నాకు కూడా వినిపించింది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఏడువకు. ఉమ్మెత్తనే కావాలని ఎవరన్నరు? గీ కాలంల కూరగాయల చెలకలల్ల పూత మస్తుంటది. వంకాయ, మిరప, టమాట ఒక్క కుటుంబమే గద. చిక్కుడు పూత మీద ఉంటది. పూసిన ఉల్లిగడ్డ ఒక్కటి దొరికితె చాలు. గమ్ము, గంజి ఏమొద్దు, సూది దారంతోని కాండాన్ని కాయితానికి కుట్టు. ప్రాక్టికల్‌కు ముందు చివరి క్లాసు నాడు తెచ్చి చూపెట్టు. ఆ తర్వాత నాతోని గాదు."

కూరగాయలు, ఉల్లి అన్నీ ఒక్కచోట ఉన్నది వాళ్ల నాన్న చెలకలోనే. పసుపు మడి పక్కన ఇంటికి సరిపడేంత వేస్తాడు. పిల్ల నా ముఖం చూసింది.

"బాపుకు చెప్పకుంట తేలేమా తాతా?"

"మీ బాపు చెలకల మీ బాపుకు తెలువకుంట పీకితె దాన్నేమంటరు?"

"దొంగతనమంటరు" అని ఒప్పుకుంది.

మరునాడు పొద్దున వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె వాళ్ల నాన్నతో ఏం చెప్పాలో లోపల్లోపల అనుకుంటూనే ఉంది. నాకు కూడా మనసులో గుబులుగానే ఉంది. ఒక్క ఏడు చూద్దం అని పూచీ పడ్డది నేనే కదా.

చెలకలో పసుపు తవ్వుతున్నారు. అల్లుడు కొమ్ముల మట్టి దులుపుతూ మమ్మల్ని చూసి లేచాడు. చెప్పకుండా వచ్చామంటే ఏదో అయిందని అర్థం చేసుకున్నాడు.

"ఏమైందే డాక్టరమ్మా? పరీక్ష కాకముందే మందు చెట్లకు అచ్చినవా?"

పిల్ల అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, "షీట్లన్ని బొద్దింకలు తిన్నయి బాపూ. మల్ల చెయ్యకుంటె పరీక్షకు కూసోనియ్యరు" అని ఒక్క ఊపులో చెప్పేసింది. గంజి సంగతి దాచబోయింది కాని, దాస్తే బొద్దింకలు ఎందుకొచ్చాయో చెప్పలేక అది కూడా చెప్పింది.

అల్లుడు నడుము మీద చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూశాడు. నేను సర్దిచెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నవ్వుతున్నాడని అప్పుడు గమనించాను.

"పడుగు గంజా? చెట్లకా? మా అత్తమ్మ ఇంక నయం, వాటిని మగ్గం గూడ ఎక్కియ్యలే!" అని కూలీలందరికీ వినపడేట్టు చెప్పాడు. వాళ్లూ నవ్వారు. పిల్ల కూడా నవ్వక తప్పలేదు. అప్పుడాయన చేతులు కడుక్కుని, "ఏమేం గావాలె?" అన్నాడు.

నేను చాలామంది పనిమంతులను చూశాను కాని, ఒక వంకాయ మొక్కను అంత మెల్లగా తవ్విన మనిషిని చూడలేదు. చుట్టూ మట్టిని నానబెట్టి, గడ్డపారతో దూరం నుంచి కదిపి, తల్లివేరు తెగకుండా పైకి లేపాడు. బోరు నీళ్ల కింద పట్టుకుని వేర్లు కడిగాడు. పిల్ల పువ్వును చీల్చి రేకులు, కేసరాలు చూపించింది. మిరప పువ్వు కూడా చీల్చింది. టమాటది కూడా.

"అన్ని ఒక్క తీరుగనే ఉన్నయేందే?"

"ఒక్క కుటుంబం బాపూ. గందుకే గట్లున్నయి. పొగాకు గూడ వీళ్ల కుటుంబమే, ఆలుగడ్డ గూడ."

"ఔనా!" ఆయన మిరప పువ్వును ఎండకేసి పట్టి చూశాడు. "ఇన్నేండ్లు పండిస్తున్న, ఎన్నడు సూడలేదు. మరి పసుపు ఎవరి కుటుంబం?"

"అల్లంది. కని అది మా పాఠంల లేదు."

"పసుపు పండిచ్చేటోని బిడ్డ పుస్తకంల పసుపే లేదా? గదేం పుస్తకమే!"

చిక్కుడు తీగ గట్టు మీద దొరికింది. ఉల్లి కోసం వెతకాల్సి వచ్చింది. ఉల్లిని పువ్వు దాకా ఎవరూ ఉంచరు, గడ్డ ఊరగానే పీకేస్తారు. పాత గడ్డలు ఏవో మొలిచి పూసినట్టు పక్క చెలకలో చూశానని ఒక కూలీ ఆమె చెప్పింది. అల్లుడే పోయి, ఆ చెలక ఆయనను అడిగి, తెల్లటి బంతిలాంటి పూగుత్తితో ఉల్లిని రెండు చేతుల్లో పట్టుకొచ్చాడు. తడిగుడ్డలో చుట్టి మా చేతికిస్తూ, "ఒకటి ఎక్కువనే తెచ్చిన. ఏదన్న ఖరాబైతె ఉంటది" అన్నాడు. ఈ ప్రయత్నం విఫలమైతే సంతోషిస్తాడేమోనని నాకు లోపల ఎక్కడో ఒక అనుమానం ఉండేది. అది ఆ పూటతో పోయింది.

ఇంటికి వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి పేపర్లు పొద్దునా సాయంత్రమూ మార్చాను. ఉల్లిగడ్డ మందంగా ఉండి ఎండనంటే, పిల్ల దాన్ని నిలువుగా కోసి లోపలి పొరలు తీసి పరిచింది. నా భార్య మొదట దగ్గరికే రాలేదు. "నేను ముట్ట. నా చెయ్యి పాడు చెయ్యి" అంటూ వంటింట్లోనే తిరిగింది. కుట్టే రోజు పిల్ల సూదిలో దారం ఎక్కించి ఆమె ఒడిలో పెట్టింది.

"నాకు కుట్టస్తలేదు అమ్మమ్మా. కాండం ఇరుగుతున్నది."

అది నిజమో, ముసలామెను పిలవడానికి ఆడిన మాటో నేను అడగలేదు. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని, కాండం మీదుగా ఒక్కొక్క పోగు వేసి వెనుక ముడి వేశారు. ఆమె ముడులు కనిపించనంత చిన్నవి. అయిపోయిన షీట్లను ఈసారి పురుగు రాకుండా డాంబర్ గోలీలు వేసిన అట్టపెట్టెలో పెట్టి, నా టేబుల్ మీద, నా కళ్ల ముందే ఉంచుకున్నాం.

చివరి క్లాసు నాడు మేడం సంతకం పెట్టింది. ప్రాక్టికల్ రోజు జగిత్యాలకు అల్లుడు కూడా వచ్చాడు. ఇద్దరం కాలేజీ గేటు బయట చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. ఆయన లోపలికి చూడడం, నేను గడియారం చూడడం. ఎంతకూ ఎవరూ రారు.

"మామా, గా ఉల్లిగడ్డ మంచిగనే ఎండిందా?"

"మంచిగనే ఎండింది."

కాసేపటికి మళ్లీ అదే అడిగాడు. నేను మళ్లీ అదే చెప్పాను.

పిల్ల బయటికి వచ్చింది. చేతి వేలికి బ్లేడు తగిలి చిన్న గాటు పడింది. కాండాన్ని పలుచగా కోసి మైక్రోస్కోపు కింద చూపించాలట. రెండుసార్లు మందంగా వచ్చి, మూడోసారి కుదిరిందట. "షీట్లు తిప్పి ఎనుక ముడులు సూసిండు పరీక్షకచ్చిన సార్. ఏమనలేదు, మార్కులేసుకున్నడు" అంది. ఏమనకపోవడం మంచిదా కాదా అని అల్లుడు కోరుట్ల బస్సెక్కేదాకా మేమిద్దరం చర్చించాం.

తర్వాత రాత పరీక్షలు. అవి బాగా రాశానంది. జువాలజీలో ఒక ప్రశ్న వదిలేశానని కూడా చెప్పింది. ఆ ఒక్క ప్రశ్న నన్ను ఎండాకాలమంతా వెంటాడింది.

ఫలితాలు వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. పొద్దున నుంచి పిల్ల అన్నం ముట్టలేదు. తను తినలేదని మేమూ తినలేదు. ఫోన్‌లో పేజీ తెరుచుకోదు, తెరుచుకుంటే నంబరు తీసుకోదు. నా భార్య పక్కనే నిలబడి, ఆ గిర్రున తిరిగే గుర్తును వేలితో చూపిస్తూ, "గది ఆగితె వస్తదా?" అని అడుగుతోంది.

అది ఆగింది. పిల్ల చదివింది. పై నుంచి కిందికి ఒకసారి, మళ్లీ పై నుంచి ఇంకోసారి. ఫోన్ నా చేతిలో పెట్టింది. నా కళ్లద్దాలు ఎక్కడున్నాయో నాకే తెలియలేదు.

"సదువు బిడ్డా, నాకు కనవడ్తలేదు."

"పాస్, తాతా. రెండు పాస్."

"జువాలజీ?"

"గది గూడ. మంచిగనే అచ్చినయి."

నా భార్య, "గా కుట్టిన కాయితాలకు ఏమన్న తక్కువేసిండ్రా?" అని అడిగింది. బాటనీ ప్రాక్టికల్‌లో చాలా మంచి మార్కులు వచ్చాయని పిల్ల చెప్పాక కూడా నమ్మకం కుదరక, నన్ను కూడా చూడమంది. కళ్లద్దాలు దొరికాయి. చూసి చెప్పాను. అప్పుడు ఆమె పీట మీద కూర్చుని, కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. చలికాలం నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలినట్టుంది.

పిల్ల వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, అందరికీ వినపడేట్టు స్పీకర్ పెట్టింది. మార్కులన్నీ వరుసగా చదివింది. అవతల నుంచి గాలి చప్పుడు మాత్రం వస్తోంది, చెలకలో ఉన్నట్టున్నాడు.

"బాపూ, ఇన్నవా?"

"ఇన్న" అన్నాడు. "డిగ్రీ మాత్రం ఇడువకు."

"ఇడువ బాపూ."

"గా డాక్టర్ పరీక్షకు కోచింగ్ ఎక్కడ మంచిగుంటదో కనుక్కో. నేనొచ్చినంక పోయి మాట్లాడుదం."

పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సీటు రావడం ఇంకా చాలా దూరం. ఆ పరీక్ష రాసేవాళ్లు లక్షల్లో ఉంటారని మాకు తెలియనిది కాదు. కాని రాయడానికి అర్హత వచ్చింది, వాళ్ల నాన్న అడ్డు తొలగింది. ఆ పూటకు మాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

"మామకియ్యి" అన్నాడు అల్లుడు. నేను ఫోన్ అందుకున్నాను. ఏదో పెద్ద మాట చెప్పబోతున్నాడని చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మామా, అన్నం తిన్నరా?"

"లేదు. ఇగ తింటం" అన్నాను.

నా భార్య అప్పటికే లేచి కంచాలు పెడుతోంది.